ఆర్కిమిడీస్ ఊళ్ళో నాలుగు రాత్రులు

మధ్యధరా సముద్రాన్ని పటంలో చూస్తే, చుట్టూ నేల కమ్ముకున్న పెద్ద చెరువులాగా ఉంటుంది. ఆ పేరుకు అర్థమే "నేలల నడుమ ఉన్నది" అని. ఆ చెరువులోకి ఇటలీ దేశం ఒక కాలు చాచినట్టుంటుంది. కాలి బొటనవేలికి ఎదురుగా ఉన్న పెద్ద ద్వీపం సిసిలీ. సిసిలీ తూర్పు తీరాన, దక్షిణపు కొసకు దగ్గరగా సిరాక్యూజ్ అనే ఊరున్నది. అక్కడివాళ్ళు సిరకూసా అంటారు. స్నానాలతొట్టిలోనుంచి లేచి "యురేకా!" అని అరుస్తూ వీధిలో పరుగెత్తాడని మీరు కథ విన్నారే, ఆ ఆర్కిమిడీస్ పుట్టింది ఆ ఊళ్ళోనే. క్రీ. పూ. 212లో రోమన్ సైనికుడి చేతిలో చనిపోయిందీ ఆ ఊళ్ళోనే.

2025 జూలైలో నేను రోము నగరంనుంచి రైలులో బయలుదేరి ఆ ఊరు వెళ్ళాను. సిసిలీ ద్వీపం గదా, రైలు ఎట్లా పోతుందని అడుగుతారేమో. రైలే ఓడ ఎక్కుతుంది! సముద్రపు ఒడ్డున బండిని ముక్కలుగా విడదీసి, ఓడ కడుపులో వేసి ఉన్న పట్టాలమీదికి పెట్టెలను నెడతారు. ఓడ జలసంధి దాటుతుంది. అవతల మళ్ళీ పెట్టెలు తగిలిస్తారు. మనం పడుకున్న చోటనుంచి లేవనక్కరలేదు. ఈ వింత చూడడానికే ఆ రైలెక్కేవాళ్ళు కొందరున్నారు.

సిరాక్యూజ్‌లో పాత ఊరంతా ఒర్తీజా అనే చిన్న ద్వీపంమీద ఉన్నది. వంతెన దాటి వెళ్ళాలి. ఇరవై నిమిషాల్లో ఈ కొసనుంచి ఆ కొసకు నడిచిపోవచ్చు. రేవు ఎదుట పెద్ద హోటళ్ళున్నై. నేను వాటిని చూస్తూ నడిచి, సందులోకి తిరిగి, ఒక పాత రాతి ఇంటి మూడో అంతస్తు ఎక్కాను. నాలుగు గదుల బస అది. రాత్రికి 50 యూరోలు, అంటే మన లెక్కన సుమారు 5,000 రూపాయలు. ఇది చవక అంటే మీ అమ్మగారు నవ్వుతారు. కాని జూలై నెలలో ఆ ఊళ్ళో అదే చవక. లిఫ్టు లేదు, గుమస్తా లేడు. ఇంటావిడే తలుపు తీసింది. వయసు డెబ్బై దాటి ఉంటుంది. ఆమె పక్కన పదకొండేళ్ళ మనవడు నిలబడ్డాడు. బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడట. మా ఇద్దరికీ వాడే దుబాసీ.

ముందు ఆమె నా పాస్‌పోర్టు తీసుకుని వివరాలు రాసుకున్నది. ఆ దేశంలో ఎంత చిన్న బసలో దిగినా, వచ్చినవాళ్ళ పేర్లు ఒక్క రోజులోగా పోలీసులకు తెలపాలి. ఆ తరవాత ఊరి పన్ను తలకింత అని వేరే తీసుకున్నది.

గదిలో ఒక ఇనపమంచం, కుర్చీ, బల్ల, పైన ఒక ఫాను ఉన్నై. ఇంటావిడ నాకు మూడు సంగతులు చెప్పింది. మొదటిది కుళాయిల సంగతి. వాటిలో ఒకదానిమీద "సి" అనీ, రెండోదానిమీద "ఎఫ్" అనీ అక్షరాలున్నై. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు "సి" అంటే "కోల్డు" అనుకుని చల్లటి నీళ్ళకోసం అది తిప్పుతారు. ఇటలీ భాషలో "కాల్దో" అంటే వేడి! చెయ్యి చురుక్కుమనేదాకా చాలామందికి తెలియదట.

రెండోది కిటికీల సంగతి. ఉదయం పదినుంచి సాయంత్రం ఆరుదాకా కిటికీలు తీయకూడదు.

ఇది నాకు వింతగా తోచింది. సముద్రం ఎదురుగా పెట్టుకుని తలుపులు మూసుకోవటమేమిటి? మధ్యాహ్నానికి తెలిసింది. ఆ కిటికీలకు బయటివైపున చెక్క తలుపులుంటై. వాటికి వాలుగా బద్దలు కూర్చి ఉంటై. ఎండ ఆ బద్దలమీద పడి బయటే ఆగిపోతుంది. సందుల్లోంచి గాలిమాత్రం కొద్దిగా వస్తుంది. మనం గది లోపల తెర వేసుకుంటే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చిన తరవాత ఆగుతుంది. అప్పటికే వేడి ఇంట్లో పడుతుంది. గోడలు మూరెడు మందాన సున్నపురాయితో కట్టినవి. అవి నెమ్మదిగా వేడెక్కుతై. రాత్రి కిటికీలు బార్లా తీస్తే నెమ్మదిగా చల్లారుతై. మన పాత మిద్దెలు కట్టినవాళ్ళకు ఈ కిటుకు తెలుసు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఊరు ఊరంతా మూతపడింది. దుకాణాలు మూశారు, వీధిలో పిల్లి కూడా లేదు. పెద్ద హోటళ్ళలో దిగినవాళ్ళకు చల్లటి గదులుంటై గనక వాళ్ళకు ఇది ఊరివాళ్ళ సోమరితనంలాగా కనిపిస్తుంది. ఫాను కింద పడుకున్నవాడికి అట్లా కనిపించదు. ఆ ఎండ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, 2021 ఆగస్టు 11న ఈ సిరాక్యూజ్‌కు దగ్గరలోనే 48.8 డిగ్రీల సెల్సియస్ వేడి నమోదయింది. ప్రపంచ వాతావరణ సంస్థ పరీక్షించి 2024లో దాన్ని యూరప్ ఖండం మొత్తానికి రికార్డుగా ఒప్పుకున్నది. మనం రెంటచింతల ఎండలని చెప్పుకుంటాం గాని, యూరప్ అంటే మంచుదేశమనే అనుకుంటాం!

ఇంటావిడ చెప్పిన మూడోది నీళ్ళ సంగతి. స్నానాలగదిలో గోడకు ఒక కాగితం అంటించి ఉన్నది. మనవడు చదివి చెప్పాడు: "నీళ్ళు మిద్దెమీద తొట్టిలోనుంచి వస్తై. తొట్టి అయిపోతే రాత్రిదాకా లేవు. నాలుగు గదులవాళ్ళూ పంచుకోండి."

అక్కడ వానలు పడేది చలికాలంలో. ఎండాకాలం మూడు నెలలూ ఆకాశంలో మేఘం తునక కనిపించదు. మనకైతే ఎండలు ముదిరేసరికి వానలు వచ్చి ఆదుకుంటై. వాళ్ళకు ఎండలూ, నీటికరువూ కలిసి వస్తై. యాత్రికులు వేలకు వేలు వచ్చేదీ ఆ నెలల్లోనే. 2024లో సిసిలీలో వానలు మరీ తక్కువై ఇటలీ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆగ్రిజెంతో అనే ఊళ్ళో చిన్న బసలవాళ్ళు కొందరు నీళ్ళు చాలక, వచ్చినవాళ్ళను తిప్పి పంపవలసి వచ్చింది. మా ఇంటావిడకు ఆ భయం ఉన్నది. నాలుగు గదుల అద్దెమీదే ఆమె బతుకు.

సాయంత్రం ఆరింటికి కిటికీల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నై. వీధులు మళ్ళీ నిండాయి. రాత్రి ఎనిమిది దాటినా అక్కడ ఇంకా వెలుతురు ఉంటుంది. మనవడు నన్ను "మా బాతుల చెరువు చూపిస్తాను, రండి" అని తీసుకుపోయాడు.

సముద్రపు ఒడ్డున నడుస్తుంటే రోడ్డు పక్కన, దిగుడుబావిలాగా ఒక గుండ్రని నీటి మడుగు కనిపించింది. అందులో పొడుగుపాటి ఆకుపచ్చటి రెల్లులాంటి మొక్కలు కుచ్చులు కుచ్చులుగా పెరిగి ఉన్నై. బాతులు ఈదుతున్నై. గోడకు అవతల, పది అడుగుల్లో, సముద్రం. ఇవతల ఉన్నది మాత్రం భూమిలోనుంచి ఊరే నీరు. ఆ మొక్కలు పాపిరస్. వెనకటి ఈజిప్టువాళ్ళు దాని కాడలతోనే కాగితం చేసేవాళ్ళు. ఇంగ్లీషులో "పేపరు" అనే మాట దానినుంచే పుట్టింది.

ఈ ఊటను గురించి గ్రీకులు చెప్పుకున్న కథ ఒకటున్నది. అరెతూసా అనే వనదేవత గ్రీసు దేశంలో ఒక నదిలో స్నానం చేస్తుండగా, ఆ నదికి దేవుడైన ఆల్ఫియస్ ఆమెను మోహించి వెంటపడ్డాడు. ఆమె దేవతను ప్రార్థించి నీరుగా మారిపోయి, సముద్రం అడుగునుంచి పారి, ఈ ఒర్తీజాలో పైకి వచ్చింది. నది ఊరుకున్నాడా? తానూ సముద్రం కిందుగా వచ్చి ఆమెలో కలిశాడు!

అసలు సంగతి వేరు. ఊరికి వెనకవైపు సున్నపురాతి కొండలున్నై. చలికాలపు వాన ఆ రాతి పగుళ్ళలోకి దిగి, నేల అడుగున ప్రయాణం చేసి, సముద్రపు ఒడ్డున ఇట్లా బయటపడుతుంది. రెండువేల ఏళ్ళకు పూర్వమే రోమన్ వక్త సిసెరో ఈ ఊటను గురించి రాశాడు: నిండా చేపలున్నై, రాతికట్ట లేకపోతే అలలు మింగేసేవి అని. 1798లో ఇంగ్లీషు నౌకాధిపతి నెల్సన్ నైలు యుద్ధానికి పోతూ తన ఓడలకు మంచినీళ్ళు ఈ ఊళ్ళోనే నింపుకున్నాడు.

"ఇప్పుడు తాగుతారా?" అని అడిగాను.

"తాగరు. కాస్త ఉప్పన," అన్నాడు కుర్రవాడు.

ఉప్పు ఎట్లా చేరుతుందో తెలియాలంటే మళ్ళీ ఆర్కిమిడీస్ దగ్గరికే పోవాలి. లీటరు మంచినీరు వెయ్యి గ్రాములు తూగితే, లీటరు సముద్రపు నీరు ఇంచుమించు 1,025 గ్రాములు తూగుతుంది. అందుచేత తీరాన నేల అడుగున మంచినీరు, ఉప్పునీటిమీద తేలుతూ ఉంటుంది. మంచుగడ్డ నీళ్ళలో తేలినట్టే, కొద్దిగా పైకి కనిపిస్తుంది, చాలా భాగం కిందికి ఉంటుంది. వెయ్యిని ఇరవైఐదుతో భాగించి చూడండి, నలభై వస్తుంది. అంటే సముద్రమట్టానికి పైన ఒక్క అడుగు మంచినీరు ఉంటే, కింద నలభై అడుగుల మందాన మంచినీరు ఉన్నదన్నమాట. సంతోషమే. కాని మరబావులు పెట్టి తోడి పైమట్టాన్ని ఒక్క అడుగు దించితే? కిందినుంచి ఉప్పునీరు, కాలక్రమాన, నలభై అడుగులు పైకి వస్తుంది! వచ్చిన ఉప్పు తొందరగా తిరిగి పోదు. సిరాక్యూజ్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలూ, తోటలూ చాలా ఏళ్ళుగా నీరు తోడుతున్నై. మన కోస్తాలో కూడా సముద్రానికి దగ్గరగా ఉన్న బావులు ఉప్పనైపోవటానికి కారణం చాలాచోట్ల ఇదే.

పైగా మధ్యధరా సముద్రం మామూలు సముద్రాలకన్నా ఉప్పన. మామూలు సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడ 38 దాకా ఉంటుంది. ఎండకు ఆవిరైపోయేది ఎక్కువ, నదులు తెచ్చిపోసేది తక్కువ. మన బంగాళాఖాతంలో గంగ, గోదావరి, కృష్ణ వచ్చి కలుస్తై గనక అది అంత ఉప్పన కాదు. ఇంకొక తేడా కూడా కుర్రవాడికి చెప్పాను. "మా విశాఖపట్నంలో సముద్రం రోజుకు రెండుసార్లు ఇంచుమించు మనిషి నడుమెత్తుకు పొంగి, మళ్ళీ వెనక్కు తీస్తుంది," అంటే వాడు నమ్మలేదు. వాళ్ళ సముద్రంలో ఆటుపోట్లు జానెడు, మూరెడే. అట్లాంటిక్ మహాసముద్రంతో దానికి ఉన్న దారల్లా జిబ్రాల్టర్ దగ్గర సుమారు 14 కిలోమీటర్ల వెడల్పు సందు మాత్రమే. అందుకే ఒర్తీజాలో ఇళ్ళ గోడలు సరాసరి నీటిలోనుంచి లేచినట్టుంటై.

మర్నాడు ఉదయం ఫలహారం గ్రనీతా. మంచుపొడిలో బాదంపాలు కలిపినట్టుంటుంది, దాంట్లో మెత్తటి తీపి రొట్టె ముంచుకు తింటారు. పొద్దున్నే ఐసు తినమని మన ఇళ్ళలో ఎవరైనా అంటారా! వెనక శీతలయంత్రాలు లేనప్పుడు, ఎట్నా అగ్నిపర్వతంమీద చలికాలంలో పడిన మంచును గుహల్లో దాచి, ఎండాకాలం దించుకొచ్చేవాళ్ళట. కింద నిప్పు, పైన మంచు ఉన్న కొండ అది.

ఆ ఊరి పెద్ద చర్చి కూడా చూశాను. రెండువేల అయిదువందల ఏళ్ళనాటి గ్రీకు దేవాలయపు స్తంభాల మధ్య గోడలు కట్టి దాన్ని చర్చిగా మార్చారు. ఆ లావుపాటి స్తంభాలు గోడలోంచి ఇప్పటికీ బయటికి కనిపిస్తై. ఆర్కిమిడీస్ సమాధి అని యాత్రికులకు ఒక గుహను చూపిస్తారు. "అది ఆయనది కాదు, తరవాత రోమన్లు చేసింది," అని మనవడు ముందే చెప్పాడు. నిజమే. అసలు సమాధిమీద ఒక గోళమూ, స్తూపమూ చెక్కి ఉండేవి. క్రీ. పూ. 75లో సిసెరో ముళ్ళకంపల్లో దాన్ని కనిపెట్టాడు. తరవాత అది మళ్ళీ పోయింది.

తిరిగి వస్తూ కుర్రవాడు తలుపులు వేసిన ఇళ్ళు చూపించాడు. ప్రతి తలుపు పక్కనా అంకెల మీటలున్న చిన్న పెట్టె వేలాడుతున్నది. అందులో తాళంచెవి ఉంటుంది. వచ్చే యాత్రికుడు అంకెలు నొక్కి తీసుకుంటాడు. ఇంటావిడలూ లేరు, మనవళ్ళూ లేరు. "ఇది మా స్నేహితుడి ఇల్లు. వాళ్ళు వంతెన అవతలికి వెళ్ళిపోయారు. అద్దె ఎక్కువైంది. మా తరగతిలో ఒర్తీజాలో ఉండేవాళ్ళం ఇప్పుడు ముగ్గురమే," అన్నాడు. నాబోటివాళ్ళు వచ్చినందువల్ల ఇంటావిడకు బతుకు జరుగుతున్నది. నాబోటివాళ్ళు వచ్చినందువల్లనే వాడి స్నేహితుడు వెళ్ళిపోయాడు. వాడికి ఏమని జవాబు చెప్పాలో నాకు తోచలేదు. ఇద్దరం మెట్లెక్కాము.

నాలుగో రాత్రి ఉక్కగా ఉండి నిద్రపట్టలేదు. ఆఫ్రికా ఎడారులమీదుగా వచ్చే గాలి, వాళ్ళు షిరోకో అంటారు, వీచటం మొదలుపెట్టింది. అర్ధరాత్రి దాటిన తరవాత మిద్దెమీద తొట్టిలోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. మెట్లమీద చెప్పుల చప్పుడు కూడా అయింది. ఇంటావిడ దీపం పట్టుకుని పైకి వెళ్ళింది. కొంతసేపు ఏ చప్పుడూ లేదు. ఆ తరవాత ఆమె మెల్లగా దిగివచ్చి, మనవడితో కాబోలు, ఏదో ఒక మాట అన్నది.

పొద్దున వాణ్ణి అడిగాను. "సగం నిండిందన్నది," అన్నాడు వాడు.