అబ్బా కంప్యూటర్‌లో మిషన్ ఖాలా అమానత్

ఈసారి కంప్యూటర్ గురించి రాస్తున్నా. ఆ మాట వినగానే దిల్చస్పీ పోయేవాళ్లు కూడా కాస్త సబర్ చేసి చివరిదాకా చదవండి. ఇందులో మా ఇంటి ఇజ్జత్ మాటొకటి ఉంది.

అబ్బా ఇంతకాల్ అయ్యి నలభై రోజులు దాటిన మర్నాడు, పొద్దున్నే మిషన్ ఖాలా మా ఇంటికొచ్చింది. చీరాలలో మా గల్లీ చివర కుట్టుమిషన్ పెట్టుకుని, జాకెట్లూ లంగాలూ కుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. అందుకే ఆమెకా పేరు. అమ్మీ పక్కన కూర్చుని చాలాసేపు ఏవేవో మాట్లాడింది. లేచే ముందు పల్లూ సర్దుకుంటూ నెమ్మదిగా అంది.

"బేటా, మీ అబ్బా దగ్గర నా పైసలు అమానత్ ఉన్నాయి. చిన్నదాని నికా వచ్చే ఆదివారం. అరవై వేల దాకా ఉండొచ్చు."

భాయిజాన్ నా వైపు చూశాడు. మాకెవరికీ తెలీదు. ఖాలా అప్పుడప్పుడూ పైసలు తెచ్చి ఇచ్చేదని అమ్మీకి తెలుసుగానీ, ఎంతో తెలీదు.

"కాగితం ఏదైనా ఉందా ఖాలా?" అన్నాడు భాయిజాన్.

"నాకు చదువు రాదు కదా బేటా. ఆయన కంప్యూటర్‌లో రాసుకునేవారు. కాగితం అడగాలని నాకెప్పుడూ అనిపించలేదు."

ఆమె వెళ్లాక ఇంట్లో బహస్ మొదలైంది. బట్టల దుకాణం భాయిజాన్ చేతిలోనే ఉంది, రెండేళ్లుగా మందం. "ఈరోజు ఈమె అరవై అంది. రేపింకొకరొచ్చి లక్ష అంటే ఇద్దామా?" అన్నాడు. ఆయన మాట గలత్ కాదు. కానీ ఖాలా అబద్ధం చెప్పే మనిషీ కాదు. చివరికి అమ్మీ అంది, "ఇవ్వాల్సింది ఇవ్వకపోతే మీ అబ్బా మీద బరువు. ఇవ్వక్కర్లేనిది ఇస్తే దుకాణం మీద బరువు. ముందు హిసాబ్ చూడండి."

హిసాబ్ ఎక్కడుంది? దుకాణం వెనక గదిలో, పాత లుంగీ కప్పుకుని కూర్చున్న కంప్యూటర్‌లో. 2004లో అసెంబుల్ చేయించింది. పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్, 80 జీబీ డిస్క్, విండోస్ ఎక్స్‌పీ. జబ్బు పడేదాకా అబ్బా దాని మీదే రాసుకున్నారు. ఆన్ చేస్తే నల్లటి తెర మీద "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అని ఒక్క లైను. విండోస్‌ని లేపే ఫైలు దొరకట్లేదని దానర్థం. రిపేరు కుర్రాణ్ని పిలిస్తే, "ఫార్మాట్ కొడితే వచ్చేస్తుంది సార్" అన్నాడు. వచ్చేది విండోస్. పోయేది అబ్బా రాసిందంతా. షుక్రియా చెప్పి పంపేశాను.

డిస్క్ బయటికి తీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించడం సులువైన పని. కానీ ఇది వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉండే పాత ఐడీఈ డిస్క్. దానికి అడాప్టర్ ఊళ్లో దొరకలేదు, ఆర్డర్ పెడితే వారం. ఆదివారానికి నాలుగు రోజులే. మిగిలిన దారి, పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, డిస్క్ మీది ఫైళ్లు బయటికి లాగడం.

నా దగ్గర 256 జీబీ పెన్‌డ్రైవ్ ఉంది, వెంటాయ్ వేసింది. వెంటాయ్ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. మామూలుగా ఒక పెన్‌డ్రైవ్ మీద ఒక్క సిస్టమ్‌నే ఎక్కిస్తాం. వెంటాయ్ వేశాక ఐఎస్ఓ ఫైళ్లు ఎన్నైనా కాపీ చేసి పెట్టుకోవచ్చు. ఆన్ చేయగానే మెనూ వస్తుంది, కావలసింది ఎంచుకోవడమే. హైదరాబాద్‌లో ఆఫీసు దోస్తుల లాప్‌టాప్‌లు దీంతో ఎన్ని బాగుచేశానో. ఆ గురూర్‌తోనే కూర్చున్నా. ఇంజినీరింగ్ చదివే మా భతీజా పక్కన చేరాడు.

మొదటి ముష్కిల్: ఆ కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ కనపడనే లేదు. ముందువైపు పోర్టులో పెట్టా, లేదు. చాలా పాత డబ్బాల్లో ముందు పోర్టుకి లోపల సన్నటి వైరు వెళ్తుంది. అది వదులైపోతుంది. వెనకవైపు, మదర్‌బోర్డుకే అంటుకున్న పోర్టులో పెట్టా. బయోస్‌లో బూట్ ఆర్డర్ దగ్గర యూఎస్‌బీ-ఎఫ్‌డీడీ, యూఎస్‌బీ-జిప్, యూఎస్‌బీ-హెచ్‌డీడీ అని మూడు పేర్లున్నాయి. పెన్‌డ్రైవ్‌కి కావలసింది యూఎస్‌బీ-హెచ్‌డీడీ. అది పెట్టినా పలకలేదు. ఇంకో పేజీలో "హార్డ్ డిస్క్ బూట్ ప్రయారిటీ" అని వేరే జాబితా ఉంది. కొన్ని పాత బోర్డులు పెన్‌డ్రైవ్‌ని కూడా హార్డ్ డిస్కుల్లో ఒకటిగా అక్కడ చూపిస్తాయి. అదీ ఆన్ చేయకముందే పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటేనే. అక్కడ దాన్ని పైకి జరిపా.

సేవ్ చేసి, మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ వేస్తే, చేసిన సెట్టింగులన్నీ గాయబ్. తారీఖు చూస్తే 2004 జనవరి 1. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. బయోస్ యాదాష్త్ అంతా దాని మీదే. గడియారాల దుకాణం నుంచి కొత్తది తెచ్చి వేశాడు భతీజా. ఇరవై ఏళ్ల కంప్యూటర్‌తో పని పడితే ముందు ఈ బ్యాటరీ చూడండి. లేకపోతే చేసిన మెహనత్ మళ్లీ మళ్లీ చేయాలి.

రెండో ముష్కిల్: ఈసారి పెన్‌డ్రైవ్ లైటు వెలిగింది, కానీ తెర మీద గీత ఒకటి కొట్టుకుంటూ ఉండిపోయింది. ఆలోచిస్తే తప్పు నాదే. వెంటాయ్ వేసేటప్పుడు పార్టిషన్ స్టైల్ జీపీటీ పెట్టా. కొత్త లాప్‌టాప్‌ల యూఈఎఫ్ఐకి అది బాగుంటుంది. కొన్ని పాత బయోస్‌లు మాత్రం ఎంబీఆర్ ఉంటేనే ముందుకు కదుల్తాయి. వెంటాయ్ ఆప్షన్లలో ఎంబీఆర్ ఎంచుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. అలా చేస్తే పెన్‌డ్రైవ్ మీద ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే కాపీ తీసుకోవాలి. అన్నీ తీసి, వేసి, మళ్లీ ఎక్కించేసరికి ఇషా అయింది.

మూడో ముష్కిల్: గీత పోయి ఎర్రర్ లైను వచ్చింది. మెనూ మాత్రం రాలేదు. ఇక్కడ నేను రెండు గంటలు పరేషాన్ అయ్యా. అసలు సంగతి పెన్‌డ్రైవ్ సైజులో ఉంది. ఆ కాలపు కొన్ని బయోస్‌లు డిస్క్ మీది సెక్టార్లని 28 బిట్లతో లెక్కపెడతాయి. సెక్టారుకి 512 బైట్లు. గుణిస్తే సుమారు 137 జీబీ. అంతకు అవతల ఏమున్నా దానికి కనపడదు. వెంటాయ్ తన సొంత సామానుని పెన్‌డ్రైవ్ చిట్టచివర 32 ఎంబీల చిన్న పార్టిషన్‌లో దాచుకుంటుంది. 256 జీబీల చివరంటే, ఈ ముసలి బయోస్ కంటిచూపు ఆనని చోటు. పెన్‌డ్రైవ్ చివర్లో చోటు ఖాళీగా వదిలి, అన్నీ 137 జీబీ లోపలే ఉండేలా ఇన్‌స్టాల్ చేయొచ్చు. దానికంటే ఆసాన్ పని చిన్న పెన్‌డ్రైవ్ వాడటం. భాభీ పెళ్లి పాటలు పెట్టుకున్న 16 జీబీది ఇచ్చింది. పాటలు నా లాప్‌టాప్‌లోకి తీసి, ఎంబీఆర్‌తో వెంటాయ్ వేస్తే, మెనూ వచ్చింది. భతీజా చప్పట్లు కొట్టాడు.

వాడి ఖుషీ నిమిషం కూడా నిలవలేదు. ఉబుంటు ఎంచుకోగానే, ఈ కెర్నల్‌కి 64 బిట్ ప్రాసెసర్ కావాలి, ఇక్కడ ఐ686 మాత్రమే ఉందని చెప్పి ఆగిపోయింది. మా పెంటియం 4 ముప్పై రెండు బిట్లది. దీనికి ఏ పెన్‌డ్రైవూ ఇలాజ్ చేయలేదు, సిస్టమే మార్చాలి. ఉబుంటు వాళ్లు 2017లో 17.10 నుంచే 32 బిట్ డెస్క్‌టాప్ ఐఎస్ఓ ఇవ్వడం ఆపేశారు. ముసలి కంప్యూటర్లని ఇంకా పట్టించుకునేవాటిలో యాంటిక్స్ ఒకటి. 32 బిట్‌లో దొరుకుతుంది, 512 ఎంబీ ర్యామ్‌లోనూ నడుస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద దాన్ని దింపాం.

అది సగం దాకా వెళ్లి బిగుసుకుపోయింది. మళ్లీ అదే. మూడోసారీ అదే. భాయిజాన్ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "వదిలేయ్ రా తమ్ముడూ, కబాడీ వాడికి వేసేద్దాం" అన్నాడు. నేను జవాబివ్వలేదు.

అప్పుడు భతీజాని అడిగా. "కాపీ అయ్యాక ఎజెక్ట్ చేశావా?" వాడు తల గోక్కున్నాడు. పెద్ద ఫైలు కాపీ అయిందని తెర మీద చూపించినా, లోపల ఇంకా రాస్తూనే ఉండొచ్చు. అప్పుడు పీకేస్తే ఫైలు అడుగున అధూరా. అనుమానముంటే వెంటాయ్ మెనూలో ఆ ఐఎస్ఓ మీద నిలబడి ఎమ్ నొక్కితే చెక్‌సమ్ లెక్కకట్టి చూపిస్తుంది. దింపుకున్న సైటులో ఇచ్చిన అంకెలతో పోల్చాలి. పోల్చాం, కలవలేదు. మళ్లీ కాపీ చేసి, ఎజెక్ట్ చేసి, మళ్లీ పోల్చాం. కలిసింది. రాత్రి రెండింటికి యాంటిక్స్ డెస్క్‌టాప్ తెర మీదికొచ్చింది.

డిస్క్ లోంచి కటక్ కటక్‌మని శబ్దం. ఆ శబ్దం వస్తే డిస్క్ ఎక్కువకాలం ఉండదు. అలాంటప్పుడు దాని మీద ఏమీ రాయకూడదు. అందుకే రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, అన్నిటికంటే కావలసిన ఫోల్డర్‌ని ముందు ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి తీశా. "ఖాతా" అని దాని పేరు. తర్వాత మిగతావి.

లాప్‌టాప్‌లో ఫైలు తెరిస్తే అంకెలు సరిగ్గా ఉన్నాయి గానీ, పేర్ల చోట అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. నా గుండె జారిపోయింది. కాసేపటికి వెలిగింది. అబ్బా తెలుగుని అను ఫాంట్లలో టైపు చేసేవారు. అది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు తెలుగులా కనపడదు. ఆపేసిన డిస్క్‌ని మళ్లీ లేపాలి. లేస్తుందో లేదో. లేచింది. విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేశా. పాత తెలుగు ఫైళ్లు కాపాడుకునేవాళ్లు ఇది మర్చిపోకండి. ఫైలు ఒక్కటే తెచ్చుకుంటే సరిపోదు, ఫాంటు కూడా తెచ్చుకోవాలి.

ఫజర్‌కి కాస్త ముందు "మిషన్ బెహన్" అన్న షీటు తెరుచుకుంది. 2011 నుంచి మొదలు. 200. 500. 300. రంజాన్ నెల ముందు 1,500. ప్రతి దాని పక్కన తారీఖు. మొత్తం జమ 65,500. ఒక్కచోట తీసుకున్నది 4,000, "పెద్దోడి ఫీజు" అని. మిగిలింది 61,500.

భాయిజాన్‌ని లేపి చూపించా. కిందికి జరుపుతూ పోయాడు. ఆ పక్క షీటు "ఇంట్లోవాళ్లు". మొదటి లైను ఆయనదే. దుకాణం పెద్దది చేసేటప్పుడు 2016లో తీసుకున్న రెండు లక్షలు. ఎదురుగా ఒకే మాట, "మాఫ్". రెండో లైను నాది, లాప్‌టాప్ 32,000. దానికీ అదే మాట. భాయిజాన్ చాలాసేపు ఖామోష్‌గా కూర్చున్నాడు. మూడో షీటులో అబ్బా ఒక నూలు వ్యాపారికి ఇవ్వాల్సిన 8,000 ఉంది. అది అడగడానికి ఎవరూ రాలేదు. ఆ వారంలోనే వెళ్లి ఇచ్చేశాం.

ఖాలాకి పైసలు నేనిస్తానంటే భాయిజాన్ వద్దన్నాడు, తనే వెళ్లాడు. నేను వెనకాల నిలబడ్డా. ఆమె ముందు కూర్చుని, హిసాబ్ చదివి వినిపించి, కవరు చేతిలో పెట్టాడు. నాలుగు వేలు తీసుకున్న సంగతి వినగానే ఖాలా నుదురు కొట్టుకుంది. "ఔను బేటా, పెద్దోడి ఫీజు. నేనే మర్చిపోయా." తర్వాత భాయిజాన్, "కాగితం అడిగినందుకు మాఫ్ చేయండి ఖాలా" అన్నాడు. "అడగాలి బేటా. అడగకపోతే ఎట్లా" అంది ఆమె.

మీ ఇళ్లలోనూ పెద్దవాళ్ల పాత కంప్యూటర్లు ఉంటాయి. నడుస్తున్నప్పుడే కాపీ తీసుకోండి. చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి ఎంబీఆర్‌తో, 32 బిట్ సిస్టమ్‌తో సిద్ధంగా పెట్టుకోండి. మరీ పాతదై యూఎస్‌బీ నుంచి అస్సలు లేవకపోతే, ప్లాప్ బూట్ మేనేజర్‌ని సీడీ మీద రాసి, దాని ద్వారా పెన్‌డ్రైవ్‌ని లేపొచ్చు. అలాగే మీ దగ్గర ఎవరి అమానత్ ఉందో, మీరెవరికి బాకీనో, ఇంట్లో ఇంకొకరికైనా తెలిసేలా కాగితం మీద రాసి పెట్టండి. నేను ఈమధ్యే రాసి నా భార్యకి ఇచ్చా.

ఆ డిస్క్ తర్వాత రెండు రోజులకి పూర్తిగా ఆగిపోయింది. భాభీ పెన్‌డ్రైవ్ ఇప్పుడు భతీజా కీచైన్‌కి వేలాడుతోంది. చీరాల చుట్టుపక్కల ఎవరికైనా ఇలాంటి అవసరం పడితే చెప్పండి, వాణ్ని పంపిస్తా. ఎజెక్ట్ చేయడం మాత్రం గుర్తు చేయండి. పాటలింకా తిరిగివ్వలేదని భాభీ రోజూ అడుగుతూనే ఉంది.