పెద్ద కారు సద్దు

పోయిన తై నెలలో జరిగిన పెండ్లిలో చుట్టాలందరూ మమ్మల్ని పట్టుకుని అడిగిన మాట ఒక్కటే. "పెద్ద కారు ఏమైనాది? అమ్మేసినారంట కదా?"

అమ్మలేదు. దానికి డీసెల్ ఇంజిన్ వేసినామని ఉడుమలపేటలో ఒక పుకారు, జపాన్ ఇంజిన్ వేసినామని బెంగళూరులో ఇంకొకటి. రెండూ అబద్ధమే. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేదానికన్నా ఇక్కడ రాసిపెట్టేస్తే మేలని చెల్లెలు అన్నది. మేమంటే ముగ్గురం, ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. ముగ్గురం కూర్చుని రాస్తున్నాము, అందువల్ల ఒకరి తప్పు ఇంకొకరు దాచేదానికి వీలు లేకపోయింది.

తెలియని పిల్లల కోసం ముందు ఇది చెప్పాల. పెద్ద కారంటే 1948 షెవ్రొలే ఫ్లీట్‌మాస్టర్. జనరల్ మోటార్స్ వాళ్లు 1928 నుంచి 1954 దాకా బొంబాయిలో కార్లు బిగించి అమ్మేవాళ్లు, ఇదీ అక్కడ బిగించిందే. తాత దీన్ని కోయంబత్తూరులో ఒక మిల్లు యజమాని దగ్గర పాతదిగా కొన్నాడు. మనవాళ్లు విజయనగరం కాలంలో కొంగునాటికి వచ్చినారని పెద్దలు చెప్తారు. నల్లరేగడిలో పత్తి పండించిన చేతులే తరువాత జిన్నింగు మిషనూ, లేతూ, పంపుసెట్టూ పట్టినాయి. 1920లో జి.డి. నాయుడుగారు ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి నుంచి పళనికి నడపడం మొదలుపెట్టిన కథ మన ఇండ్లలో వినని పిల్లకాయ ఉండడు. తాతకి ఆ పిచ్చి బాగా పట్టింది. సంవత్సరానికి ఒకసారి అదే దారిలో ఇంటిల్లిపాదినీ పెద్ద కారులో పళనికి తీసుకుపోయేవాడు. తాత తరువాత నాయన. పన్నెండేండ్ల ముందు నాయన ఆపేసినాడు. ఇంజిన్‌లో ఊపు లేదు, పొగ, ఎక్కుడు వస్తే రెండో గేరు. కారు షెడ్డులో నిలిచిపోయింది.

నాయనకి ఇప్పుడు ఎనభై నాలుగు. రెండేండ్ల ముందు ఒక సాయంత్రం తనంతట తానే అన్నాడు, "ఇంకొక తూరి దాంట్లో పళనికి పోవాల." అంతే. ఆయన ఏదీ రెండోసారి అడగడు.

ముగ్గురికీ మూడు దోవలు. చిన్నవాడు డీసెల్ అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. 1973లో పెట్రోలు ధర ఎగిరిన తరువాత మన పక్క ఎన్నో అమెరికా కార్లకి లారీ డీసెల్, వ్యాను డీసెల్ వేసినారు, మా చిన్నాయనవాళ్ల డాడ్జ్‌కి కూడా అదే గతి పట్టింది. చెల్లెలి కొడుకు జపాన్ ఇంజిన్, ఆటోమేటిక్ గేరు, ఏసీ అని ఒక పెద్ద పట్టీనే రాసుకొచ్చినాడు. నాయన అంతా విని, "ఆ సద్దు పోతే అది మన కారు కాదు రా" అని లేచిపోయినాడు. దాంతో తీర్మానం అయిపోయింది. ఆరు సిలిండర్ల ఇంజిన్ అలాగే ఉండాల. దానికే కొంచెం బలం చేర్చాల.

ఇంజిన్ సంగతి కొంచెం వివరంగా చెప్పక తప్పదు. 216 క్యూబిక్ అంగుళాలు, అంటే మూడున్నర లీటర్లు. 90 గుర్రాల బలం, అదీ నిమిషానికి 3300 చుట్ల దగ్గర. వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి, ఆ కాలానికి అది మంచి గొప్ప. కాని కింద సంగతి వేరు. క్రాంక్ నిలిచే పెద్ద బేరింగులకి పంపు నుంచి ఆయిల్ ఒత్తిడితో వస్తుంది. కనెక్టింగ్ రాడ్లకి రాదు. ఒక్కొక్క రాడ్ అడుగున చిన్న గరిటె మాదిరి ఒకటి ఉంటుంది. సంప్‌లో ఆరు తొట్లు. క్రాంక్ తిరిగేటప్పుడు గరిటె తొట్టిలో మునిగి ఆయిల్ మోసుకుంటుంది. వేగం పెరిగితే సన్న గొట్టాల నుంచి చిమ్మే ఆయిల్ ధార ఆ గరిటెకి ఎదురొచ్చి తగులుతుంది. రాడ్ లోపల ఇప్పటి కార్ల మాదిరి మార్చేసే షెల్ బేరింగు లేదు. తగరం ఎక్కువగా కలిపిన మెత్తని లోహం, బాబిట్ అంటారు, దాన్ని కరిగించి రాడ్‌లోనే పోసి చెక్కుతారు. నిదానంగా నడిపితే ఎన్నాళ్లైనా ఉంటుంది. తరుముకొని పోతే ఉండదు. తాత నలభై మైళ్లు దాటనివ్వడని అవ్వ గొణిగేది. దాని కారణం మాకు అరవై ఏండ్ల వయసులో తెలిసింది.

మేము చేసిన మొదటి తప్పు పైనుంచి మొదలుపెట్టడం. బలం అంటే హెడ్డూ కార్బొరేటరూ సైలెన్సరూ అనుకున్నాము. అవి చేసినాము, బాగానే చేసినాము. హెడ్‌ని అరవై థౌ తీయించినాము (థౌ అంటే అంగుళంలో వెయ్యో భాగం, పట్టరైలో పెరిగిన పిల్లలకి చెప్పక్కర్లేదు). ఆ కాలం పెట్రోలు నాసిరకం కాబట్టి ఈ ఇంజిన్ కంప్రెషన్ ఆరున్నరే పెట్టినారు. ఇప్పటి పెట్రోలుకి ఏడు దగ్గరికి పోయినా కొట్టదు. తరువాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని నడుమ రెండుగా విడదీసి, ముందు మూడు సిలిండర్లకి ఒక గొట్టం, వెనక మూడిటికి ఒక గొట్టం. ఇంజిన్ పేలే వరస 1-5-3-6-2-4. చూడండి, ముందు మూడు ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి, వెనకవీ అంతే. ఒక గొట్టంలో రెండు పొగలు ఢీకొనవు, సమంగా ఊపిరి విడుస్తుంది. సద్దు కూడా కొంచెం లోతుగా మారింది. నాయనకి నచ్చదేమో అని భయపడినాము, ఏమీ అనలేదు.

మేనల్లుడు రెండు కార్బొరేటర్లు అడిగినాడు. రెండు కార్బొరేటర్లు బానెట్ ఎత్తి చూసేదానికి బాగుంటాయి, పెట్రోలు బంకులో బాగుండవు. ఒకటే ఉంచి కడిగించి, లోపలి రబ్బరూ వాషర్లూ, పెట్రోలు పంపు డయాఫ్రమూ ఎథనాల్‌కి తట్టుకునేవిగా మార్చినాము. బ్యాటరీ ఆరు వోల్టే. పన్నెండుకి మార్చమని అందరూ చెప్పినారు. అక్కర లేదు, ఆరు వోల్టులో అంతే పనికి రెండింతల కరెంటు పోవాల, అందువల్ల లావు తీగ వేస్తే చాలు. ఎవరో ఎప్పుడో సన్న తీగ వేసి పెట్టినారు, స్టార్టర్ ఇన్నాళ్లు ఏడ్చింది అందుకే.

కారు లేచింది. నిజంగానే లేచింది. ఇరవై మైళ్లలో మూడో గేరులో ఉండి తొక్కితే దగ్గకుండా లాగింది. ఆ సంతోషంలోనే మా బుద్ధి పోయింది.

నాయనని ముందు సీటులో కూర్చోబెట్టుకుని పొల్లాచ్చి దాకా చూసి వస్తామని బయలుదేరినాము. దారి వెడల్పుగా, ఖాళీగా ఉంది. స్టీరింగు పెద్దవాడి చేతిలో. నలభై, యాభై, అరవై మైళ్లు. మీటరు చూసి వెనక సీటులో చెల్లెలు చప్పట్లు కూడా కొట్టింది, అదీ రాయమన్నది. ఈ కారు వెనక పండ్ల లెక్క 4.11. అరవై మైళ్లలో ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు దగ్గర తిరుగుతుంది, అంటే దాని శక్తికి దాదాపు అంచు. నాయనకి చెవులు మందం, మేము అరిస్తే గాని వినపడదు. అయినా మా కన్నా ముందు ఆయనే చెప్పినాడు. "నిలిపెయ్ రా. కాలి కింద కొడతా ఉండాది."

నిలిపేలోపల మాకూ వినపడింది, ఇనుము మీద ఇనుము. అయిదో రాడ్. బాబిట్ కరిగి సంప్‌లో పడిపోయింది. ఇంటికి లారీ మీద వచ్చినాము. నాయన ఆ రోజంతా ఒక్క మాట అనలేదు, తిట్టి ఉంటే బాగుండేది. రాత్రి చెల్లెలితో మాత్రం, "ఇంక చాలు, వదిలేయమను వాళ్లని" అన్నాడంట.

ఆ మాటతోనే చిన్నవాడు మళ్లీ డీసెల్ ఎత్తినాడు. ఇంకొక దోవ కూడా ఉంది. షెవ్రొలే వాళ్లే 1954 నుంచి కార్లన్నిటికీ 235 ఇంజిన్‌ని రాడ్ల దాకా ఒత్తిడి ఆయిలుతో, షెల్ బేరింగులతో చేసినారు. అమెరికాలో ఇట్లాంటి కారు ఉన్నవాళ్లు చాలామంది ఆ ఇంజిన్ తెచ్చి ఇందులో వేసేస్తారు. దాని సద్దూ ఇదే సద్దు. కాని ఓడలో తెప్పించే ఖర్చు అడిగి వచ్చి ముగ్గురం కాఫీ తాగి ఊరుకున్నాము.

కడపటికి దారి చూపింది ఒక ముసలి మేస్త్రి. పాత నూనె ఇంజిన్లకి, రైసుమిల్లులకి బాబిట్ పోసిన మనిషి, ఇప్పుడు ఆ పని అడిగేవాళ్లే లేరు. ఆయన తమిళంలో అడుగుతాడు, నాయన తెలుగులో జవాబిస్తాడు, ఇద్దరికీ బాగా అర్థమవుతుంది. ఇంజిన్ విప్పి చూసి మమ్మల్ని ఒకటే అడిగినాడు, "పైన బలం పెట్టినారు సరే, కింద ఎవరు మోస్తారు?"

ఆయన దగ్గర ఎనిమిది నెలలు పట్టింది. ఆరు రాడ్లనీ మళ్లీ పోసినాడు. ముందు రాడ్‌ని శుభ్రంగా కడిగి తగరం పూత ఎక్కించాల, అది పట్టకపోతే బాబిట్ పొరగా లేచిపోతుంది. వేడి సరిగా ఉందో లేదో ఒక పుల్ల ముంచి అది నల్లబడే తీరు చూసి చెప్పేవాడు. పోసిన తరువాత బోరింగు, తరువాత నీలిరంగు రాసి క్రాంక్ మీద తిప్పి, అంటుకున్న చోట చెయ్యితో గీరడం. టోపీకీ రాడ్‌కీ నడుమ సన్న రేకులు పెట్టినాడు. అరిగేకొద్దీ ఒక్కొక్క రేకు తీసి బిగించుకోవచ్చు. మా మేనల్లుడు, ఆ జపాన్ ఇంజిన్ పిల్లవాడే, సెలవుల్లో వచ్చి రెండు వారాలు ఆయన పక్కనే కూర్చున్నాడు. పట్టీ మళ్లీ బయటికి తీయలేదు.

పాత ఇనుప పిస్టన్లు తీసి, సిలిండర్లు రీబోర్ చేసి, అల్యూమినియం పిస్టన్లు వేసినాము. పిస్టన్ తేలికైతే ప్రతి చుట్టుకీ రాడ్ మీద పడే గుద్దు తగ్గుతుంది. ఆరు రాడ్లనీ త్రాసులో పెట్టి బరువు సమానం చేసినాము. సంప్‌లో ఆయిల్ చిమ్మే గొట్టాలు ఒంకర పోయి ఉన్నాయి, ముఖ్యంగా అయిదోది. వాటిలో నీళ్లు పంపి ధార సరిగ్గా గరిటె వచ్చే చోటే పడుతుందా అని చూసి సర్దాల. మేము హెడ్ తీయించిన రోజే సంప్ విప్పి చూసి ఉంటే ఒక సంవత్సరం మిగిలేది.

ఖర్చు ఎక్కువైనా మాకు చాలా తృప్తి ఇచ్చిన పని మాత్రం వెనక యాక్సిల్‌లో జరిగింది. 1950 తరువాత పవర్‌గ్లైడ్ గేరు కార్లకి షెవ్రొలే వాళ్లు 3.55 క్రౌన్ పినియన్ వేసినారు. ఒక జత తెప్పించినాము. దాంతో అరవై మైళ్లలో 3000 చుట్లు కావలసిన చోట 2500 చిల్లరే తిరుగుతుంది. పండ్లు మారితే ఎక్కుడులో లాగే గుణం కొంత తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని హెడ్డూ మానిఫోల్డూ ఇచ్చిన బలం పూడ్చేసింది. అంటే మేము చేర్చిన బలమంతా వేగానికి పోలేదు, ఇంజిన్ విశ్రాంతికి పోయింది. యాభై మైళ్లకి పైన పోకూడదని మేమే రాసి డాష్‌బోర్డు మీద అంటించినాము.

ఆవణి నెలలో పళనికి పోయినాము. తెల్లవారి అయిదుకి బయలుదేరి, పొల్లాచ్చి దాటేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. ఆ చోటు వచ్చినప్పుడు పెద్దవాడు వేగం ఇంకా తగ్గించినాడు. ఆయిల్ మీటరులో ముల్లు పదిహేను దగ్గర నిలిచింది, ఈ ఇంజిన్‌కి అంతే ఉండాల, చూసి బెదరకూడదు. నాయన చెప్పులు విడిచి రెండు పాదాలూ ముందు పలక మీద ఆనించి కూర్చున్నాడు.

ఉడుమలపేటలో టీ కోసం నిలిపినాము. బానెట్ ఎత్తమన్నాడు, ఇంజిన్ ఆపొద్దన్నాడు. కర్ర ఆనించుకుని చాలాసేపు నిలుచున్నాడు. టీ ఆరిపోతా ఉందని చెల్లెలు పిలిచింది.

"తాత పళనికి ముందు ఇక్కడనే నిలిపేవాడు," అన్నాడు. "పోదాం పదండి."

చిన్నవాడు ఇప్పటికీ డీసెల్ వేసి ఉంటే సగం ఖర్చులో అయ్యేదని అంటాడు. లెక్క చూస్తే వాడి మాటే నిజం. గేరు మార్చే వ్యాక్యూమ్ డబ్బా ఇంకా గాలి వదులుతా ఉంది, దానికి తోలు వాషర్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.