నల్లగీత చాటున మాట

సూపర్ హీరోల కథలో బూతు దొర్లితే వార్త. అదే కథలో ఎదుటివాడి పళ్లు రాలితే? మామూలే, కథ కదా!

2008 సెప్టెంబరులో అమెరికాలో ఇదే జరిగింది. ఫ్రాంక్ మిల్లర్ రాయగా జిమ్ లీ బొమ్మలు వేసిన 'ఆల్ స్టార్ బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్' పదో సంచిక అచ్చయింది. అందులోని తిట్ల మీద నల్లగీతలు కప్పారు. తీరా చూస్తే, నలుపు చాటున అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి! ప్రచురణ సంస్థ డీసీ కామిక్స్ కంగారుపడి, కాపీలను ధ్వంసం చేయమని దుకాణాలను కోరింది. విషయం వార్తలకెక్కింది. దాంతో దాచాలనుకున్న సంచికకే గిరాకీ పెరిగింది.

ఇంతకీ ఆ తిట్లు వినిపించిన చోట జరుగుతున్నదేమిటి? బ్యాట్‌గర్ల్ రౌడీలను చితకబాదడం. ఆ దెబ్బల మీద ఏ గీతా లేదు. 2006లో అదే సంస్థ 'ఇన్ఫినిట్ క్రైసిస్'లో సూపర్‌బాయ్ ప్రైమ్ ఒక్క గుద్దుతో తల ఎగరగొట్టాడు. ఆ సంచికను ఎవరూ వెనక్కి పిలవలేదు.

ఎప్పుడూ ఇంతేనా అంటే, కాదు. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం కామిక్స్‌పై విచారణ జరిపినప్పుడు పెద్దల్ని కలవరపెట్టింది తెగిన తల ఉన్న ముఖచిత్రం. ఆ ఏడాదే వచ్చిన కామిక్స్ కోడ్ బూతునూ, మితిమీరిన హింసనూ రెండింటినీ నిషేధించింది. రానురాను పట్టు సడలి, 2011లో డీసీ కూడా ఆ కోడ్‌ను వదిలేసింది.

మరి మాటకే ఎందుకింత హడావుడి? మాటను లెక్కపెట్టొచ్చు, చెరిపేయొచ్చు, వార్తకు శీర్షిక చేయొచ్చు. హింస అలా కాదు. కథలో కలిసిపోయి ఉంటుంది. న్యాయం ఎక్కడ ఆగిందో, క్రౌర్యం ఎక్కడ మొదలైందో చెప్పాలంటే మొత్తం చదవాలి. సాయంత్రానికల్లా వార్త ఇవ్వాల్సిన విలేకరికి అంత తీరిక ఉండదు. ఈ ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి తెలుసు.

మన ఇళ్లలోనూ అంతే. ఆమధ్య టీవీలో ఓ సినిమా వస్తోంది. వేటకొడవళ్లు లేస్తున్నా మా ఎనిమిదేళ్ల పాప తాపీగా జంతికలు నములుతోంది. విలన్ మాట మధ్యలో 'కుయ్'మనగానే తలెత్తింది. "నాన్నా, ఏమన్నాడు?"

"తప్పు మాటలే తల్లీ!" అన్నాను. నరకడం గురించి తనేమీ అడగలేదు.

పిల్లలు తిట్టు నేర్చుకుంటే రేపే చుట్టాల ముందు నోటి నుంచి ఊడిపడుతుంది. అందుకే భయం. హింసకు అలవాటు పడితే అలా బయటపడదు. అదే అసలు చిక్కు!

బూతులు ఉండాలని కాదు నేననేది. ఆ కాపలాలో సగం దెబ్బల దగ్గరా పెడదాం. పుస్తకం మూసేముందు, 'పాపం, వాడికి నొప్పెట్టదూ?' అని పిల్లల్ని ఒక్కమాట అడుగుదాం. ఆ పని ఏ నల్లగీతా చేయలేదు.