లాట్రోబ్ ఊరి నావికుడు

డిసెంబరు మాసము వచ్చినప్పుడెల్ల టెడ్డీ షీన్ నా తలపునకు వచ్చును. టాస్మానియా ద్వీపపు ఉత్తరభాగమున లాట్రోబ్ అను చిన్న ఊరిలో, పదునలుగురు బిడ్డలలో కడగొట్టువాడై పెరిగి, చుట్టుపట్ల పొలములలో పని చేసికొనుచుండిన ఆ బాలుడు 1941లో ఆస్ట్రేలియా నౌకాదళమున చేరెను.

1942 డిసెంబరు 1వ తేదీ మధ్యాహ్నము, తైమూరు సముద్రమున, ‘ఆర్మిడేల్’ అను అతని చిన్న యుద్ధనౌకను జపాను విమానములు టార్పెడోలతో ఛేదింపగా, నౌకను విడిచిపొండని ఆజ్ఞ యైన పిదప, నీట ఈదులాడుచున్న తోటివారిపై ఆ విమానములు గుండ్లు కురిపించుచుండ, తానును గాయపడియుండియు అతడు వెనుకకు మరలి, ఓర్లికన్ ఫిరంగికి తన్ను తాను పట్టీలతో బిగించుకొని కాల్పులు సాగించెను. ఒక విమానము కూలెను. నీరు పాదములను దాటి పైకి వచ్చుచున్నను అతడు ఫిరంగిని వదలలేదు. అది మునిగిన పిదపకూడ నీటి యడుగునుండి గుండ్లు పైకెగయుచుండెనని బ్రతికి బయటపడినవారు చెప్పిరి. ఎన్నిమారులు చదివినను ఈ మాటకడ నా కన్నులు చెమర్చును.

నౌకలోని 149 మందిలో మిగిలినవారు 49 మంది. పందొమ్మిదేండ్లు నిండుటకు నెల దినములైనను లేని ఆ కుఱ్ఱవాడు వారిలో లేడు.

ఆనాడు ప్రభుత్వము అతనికొసగిన గౌరవము యుద్ధనివేదికలో నామోల్లేఖనము మాత్రమే. తరువాత ఒక జలాంతర్గామికి అతని పేరు పెట్టిరి. బంధువులును అభిమానులును చిరకాలము పోరాడిన మీదట, 2020లో గాని విక్టోరియా క్రాస్ లభింపలేదు. బిడ్డను సముద్రమునకిచ్చిన తల్లిదండ్రులు దానిని కన్నులార చూడనేలేదు. ఇంతటి జాప్యము ఏ విధమునను న్యాయము కాదు.