కాశీ మజిలీలు, కర్నూలు బస్సు

పది రోజులుగా మా ఇంట్లో ఒక రాక్షసుల వేటగాడు మకాం వేశాడు. పేరు గెరాల్ట్. పోలండు కంపెనీ ఒకటి 2015లో తెచ్చిన ‘ది విచర్ 3’ అనే ఆటలో హీరో. ఇంటర్వ్యూకు చదువుకోవలసిన మా అమ్మాయి, కడప ఎండకు తలుపులు బిగించుకుని అతణ్ణి గుర్రం మీద ఊరేగిస్తోంది.

‘‘ఎప్పుడైపోతుందే ఇది?’’ అన్నాను చెనక్కాయలు ఒలుస్తూ.

‘‘అసలు కథ 50 గంటలు మా. దారిలో పనులన్నీ చేస్తే వంద దాటుతుంది.’’

అసలు కథల్లా, తప్పిపోయిన పెంపుడు కూతుర్ని వెతకడం. ఆ పిల్ల పేరు సిరి. అచ్చంగా మన పేరే! కూతురు కనపడక తిరిగేవాడు మధ్యలో ఆగి, ఎవరో ముసలమ్మకు పెనం తెచ్చిపెడతాడు. నాకు ఒళ్లు మండింది. అంతలో కాశీమజిలీ కథలు గుర్తొచ్చి ఊరుకున్నాను. మణిసిద్ధుడు కాశీకి బయల్దేరితే, తోడొచ్చిన పశులకాపరి మజిలీకొక కథ చెబితేగాని కదలనంటాడు. మధిర సుబ్బన్న దీక్షితులు అట్లా 12 భాగాలు రాశారు. చిన్నప్పుడు మనలో ఎవరమైనా వాళ్లు కాశీ చేరారా అని అడిగామా?

ఈ ఆటకు ముగింపు మాత్రం ఒకటి కాదు. సిరి గతి మూడు రకాలు. తేల్చేవి కత్తియుద్ధాలు కావు. పిల్ల దిగులుగా ఉన్నప్పుడు మంచు ఉండలు విసురుకుని ఆడాడా, మంత్రగత్తెల సభకు ఒంటరిగా పోనిచ్చాడా, తానూ వెంట దూరాడా, ఇట్లాంటివి నాలుగైదు. ఊరికే వెంటపడి కాపాడుతూ పోతే చివరికి సిరి తిరిగి రాదు.

మా అమ్మాయికి మొదటిసారి ఆ ముగింపే వచ్చిందట.

‘‘అన్నిచోట్లా వెంటపోయినాను మా. నీ దగ్గర నేర్చుకున్నదే కదా!’’ అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. కర్నూల్లో ఇంటర్వ్యూకు మా వారు తోడు పోవాలని పట్టుబట్టి, రెండు టికెట్లు తీయించింది నేనే. పిల్లకు ఇరవై మూడేళ్లు. ‘‘దానికి నోరు లేదు, నాలుగు మాటలు నేను మాట్లాడతాలే’’ అని ఆయన చొక్కా కూడా ఇస్త్రీ చేయించుకున్నారు.

ఆ రాత్రి ‘‘మీరు పోవద్దు’’ అన్నాను.

‘‘టికెట్టు దండగ కదే!’’

‘‘కానీండి.’’

తెల్లవారుజామున అదొక్కతే బస్సెక్కింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. మైదుకూరు దాటి ఉంటుందనుకుని ఫోను చేయబోయి మానేశాను. ఆళ్లగడ్డ వేళకూ మానేశాను. నంద్యాల దాకా మాత్రం ఆగలేకపోయాను.