నడుం వాల్చడానికి లక్షన్నరా!

అమ్మ కాళ్లు వాచిపోయిన సంగతి నాకు నాలుగేళ్లు ఆలస్యంగా తెలిసింది.

2019లో చెల్లి మొదటి పురుడుకి అమ్మ డాలస్ వెళ్లింది. నాన్న పోయాక ఆవిడ ఒంటరిగా చేసిన మొదటి దూరప్రయాణం అది. తెనాలి నుంచి సికింద్రాబాద్ రావడానికే తోడు వెతుక్కునే మనిషి. అరవై నాలుగేళ్ల వయసులో శంషాబాద్‌లో విమానమెక్కి, గల్ఫ్‌లో ఇంకో విమానం మారి, అక్కడి నుంచి ఏకబిగిన పదహారు గంటలు కూర్చుని అమెరికా చేరింది. ‘ప్రయాణం ఎలా జరిగిందమ్మా?’ అని ఫోన్లో అడిగితే, ‘బ్రహ్మాండంగా జరిగింది నాన్నా, కళ్లు మూసి తెరిచేలోగా వచ్చేశాను’ అంది. నేను నమ్మేశాను. నమ్మడం సులువు కదా!

2023లో చెల్లికి రెండో కాన్పు. మళ్లీ టికెట్ల వేట. ‘పోయినసారి లాగే ఎకానమీ తీసేస్తా’ అన్నాను. అవతల చెల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ‘అన్నయ్యా, నీకు చెప్పొద్దంది అమ్మ...’ అంటూ మొదలుపెట్టింది.

పోయినసారి అమ్మకు వచ్చింది మధ్య సీటు. అటొకాయన, ఇటొకాయన. దారి వైపు కూర్చున్నాయన దుప్పటి ముసుగేసుకుని నిద్రపోయాడు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఆయన్ని లేపాలి. ఏ భాషలో లేపాలి? ఏమని లేపాలి? అందుకని అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్లు తాగడం మానేసింది. పదహారు గంటల్లో సీట్లోంచి లేచింది ఒకే ఒక్కసారి. దిగేసరికి చెప్పులు పట్టనంతగా పాదాలు వాచాయి. మూడోరోజుకి జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్. ఎనిమిదో నెల కడుపుతో చెల్లే కారు నడుపుకుంటూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పురుడు పోయడానికి వెళ్లిన మనిషికి పురిటి మనిషి చాకిరీ చేసింది!

చెల్లి చెబుతుంటే నాకు ఒక్కటే గుర్తొస్తోంది. టికెట్ తీసేటప్పుడు కంప్యూటర్ నన్ను అడిగింది... సీటు ఎంచుకుంటారా, అదనంగా 2,700 రూపాయలు అవుతుంది అని. ‘ఏ సీటైతే ఏం, అన్నీ ఒకే విమానంలోవేగా’ అనుకుని ఆ పేజీ దాటేసింది నేనే.

ఇక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి నిర్ణయం అయిపోయింది. వెళ్లేటప్పుడు అమ్మకు బిజినెస్ క్లాస్! రానూపోనూ ఎకానమీ అయితే లక్షా ముప్ఫై అయిదు వేలు. వెళ్లేటప్పుడు మాత్రం బిజినెస్ తీసుకుంటే రెండు లక్షల ఎనభై అయిదు వేలు. అంటే లక్షన్నర తేడా. సెకండ్ హ్యాండ్ కారు కోసం దాచిన డబ్బులో సగానికి పైనే. ప్రాయశ్చిత్తాలెప్పుడూ ఖరీదే.

అమ్మ వింటే ఊరుకుంటుందా? ‘నడుం వాల్చడానికి లక్షన్నరా! నీకేమైనా మతిపోయిందా? ఆ డబ్బుతో ఇంట్లో నాలుగు మంచాలు చేయించుకోవచ్చు’ అంది. తరగతుల లెక్క ఆవిడకు తెలియక కాదు. పల్లెవెలుగుకీ ఎక్స్‌ప్రెస్‌కీ, సూపర్ లగ్జరీకీ గరుడకీ తేడా తెలియని ఇల్లు మన దగ్గర ఏది? రైల్లో స్లీపరా, థర్డ్ ఏసీనా అని ప్రతి సంక్రాంతికీ చర్చ పెట్టుకునేవాళ్లమే. కాకపోతే అక్కడ తేడా వందల్లో ఉంటుంది. ఇక్కడ లక్షల్లో ఉంది. అందుకే ఆ డబ్బుకి ఏం వస్తుందో ఒకసారి కూర్చుని లెక్కేశాను.

ఎంత డబ్బు పెట్టినా విమానం ముందు చేరదు. ముందు సీటు, వెనక సీటు ఒకేసారి నేల మీద దిగుతాయి. గాలి కూడా మారదు. విమానం లోపల ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. తేమ ఇరవై శాతం కంటే తక్కువ. గొంతు ఎండటం, పెదాలు పగలడం లక్షలు పెట్టినవాళ్లకీ, వేలు పెట్టినవాళ్లకీ సమానమే. శాకాహార భోజనం ముందుగా చెప్పి పెట్టుకుంటే సాధారణంగా ఎకానమీలోనూ అదనపు డబ్బు లేకుండానే ఇస్తారు.

మరి మారేదేమిటి? చోటు. ఎకానమీలో ఒక వరుసకీ ముందు వరుసకీ మధ్య సాధారణంగా 31, 32 అంగుళాలు. పెద్ద విమానాల్లో వరుసకి పది సీట్లు దాకా ఉంటాయి. బిజినెస్‌లో అదే వెడల్పులో నాలుగు సీట్లే వేసే విమానాలున్నాయి. సీటు మంచంలా పూర్తిగా వాలుతుంది. అలాంటి ఒక్క మంచం, సుమారుగా మూడు నాలుగు ఎకానమీ సీట్ల చోటు తింటుంది. అందుకే ధర కూడా తరచూ మూడు నాలుగు రెట్లు ఉంటుంది. మనం కొనేది వెండి చెంచాలనీ, మెత్తటి మాటలనీ కాదు... మూడు సీట్ల నేల!

ఈ రెండింటికీ మధ్యలో ప్రీమియం ఎకానమీ అని ఇంకొకటుంది. మంచం కాదు కానీ కాళ్ల దగ్గర సుమారు 38 అంగుళాల చోటుంటుంది, సీటు కాస్త ఎక్కువ వాలుతుంది. ధర చాలాసార్లు ఎకానమీకి ఒకటిన్నర, రెండు రెట్లు. అయితే అన్ని విమానాల్లోనూ ఉండదు. పన్ను సంగతీ చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి విమాన టికెట్ మీద జీఎస్టీ ఎకానమీకి 5 శాతమైతే, దానికి పై తరగతులన్నింటికీ 18 శాతం. అంతకుముందు 12 ఉండేది.

ఇక ఆరోగ్యం. కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే జబ్బుకి ‘ఎకానమీ క్లాస్ సిండ్రోమ్’ అని పేరు పడింది. కానీ ఆ పేరు సగమే నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిందేమిటంటే... నాలుగు గంటలు, అంతకు మించిన ప్రయాణాల తర్వాత ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుంది. అయినా ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేంత తక్కువే. అదీ విమానంలోనే కాదు, కదలకుండా కూర్చుంటే బస్సులోనైనా, కారులోనైనా, రైల్లోనైనా ఇంతే. అసలు దోషి తరగతి కాదు, కదలకపోవడం. అది చదివినప్పుడు గుండెల్లో కలుక్కుమంది. అమ్మను కదలనివ్వనిది ఆ మధ్య సీటే కదా!

మనం ఈ విషయాన్ని ఎప్పుడూ హోదా కిందే మాట్లాడుకుంటాం. 2009లో ప్రభుత్వం పొదుపు పాటించమని మంత్రులకు చెప్పినప్పుడు, అప్పటి విదేశాంగ శాఖ సహాయమంత్రి శశి థరూర్ ట్విట్టర్‌లో ఎకానమీని ‘క్యాటిల్ క్లాస్’ అన్నారు. పశువుల తరగతి అన్నమాట! దేశమంతా దుమారం రేగింది. ఆయన క్షమాపణ చెప్పారు. అవమానం గురించి అన్ని చర్చలు జరిగాయి కానీ, ఆ తరగతిలో మధ్య సీట్లో కూర్చునే ముసలమ్మకు ఏం కావాలన్న చర్చ నాకు గుర్తులేదు.

మధ్యతరగతికి విమానం దగ్గరైంది చౌక ఎయిర్‌లైన్స్ వల్లే. 2003లో కెప్టెన్ గోపీనాథ్ మొదలుపెట్టిన ఎయిర్ డెక్కన్ రూపాయి టికెట్లు కూడా అమ్మింది. రైలు తప్ప ఎరగనివాళ్లు ఆకాశమెక్కారు. అంతవరకూ మేలే. దాంతోపాటే అన్నీ విడివిడిగా అమ్మే పద్ధతీ మనకు అలవాటైంది. తిండికి వేరే, బరువుకి వేరే, సీటుకి వేరే. ఏది అవసరమో, ఏది ఆడంబరమో తేల్చుకునే పని మన నెత్తిన పడింది. నేను తేల్చుకున్నాను... 2,700 రూపాయలు ఆడంబరమని.

సరే, 2023లో అమ్మ బిజినెస్ క్లాస్‌లో వెళ్లింది. శంషాబాద్‌లో వీల్‌చైర్ మీద కూర్చుని చెయ్యి ఊపింది. అక్కడ వీల్‌చైర్ల వరుస చూశారా ఎప్పుడైనా? అందులో మోకాళ్లు బాగాలేనివాళ్లు కొందరైతే, ఇంగ్లిషు రాక, తోవ తప్పుతామన్న భయంతో కూర్చున్న అమ్మలు ఇంకొందరు. ఆ కుర్చీ తోసే మనిషే వాళ్లకు భాష.

ఈసారి ఆవిడ ఆరు గంటలు ఒళ్లెరక్కుండా నిద్రపోయింది. లేచాక దుప్పటి నాలుగు మడతలు పెట్టి, దిండు సర్ది, చుట్టాలింట్లో పడుకున్నట్టు అంతా యథాస్థానంలో పెట్టిందట. మంచాన్ని మళ్లీ సీటుగా మార్చే మీట తెలియక, దిగే ముందు వరకూ దాని అంచునే కూర్చుందట. పక్కావిడ చూసి నొక్కిపెట్టిందట. వాళ్లిచ్చిన చిన్న సంచీలోని క్రీములూ మేజోళ్లూ చెల్లికిచ్చేసింది. సంచీ మాత్రం ఉంచుకుంది. ఇప్పుడు అందులో బీపీ మాత్రలుంటాయి.

పాదాలు వాయలేదు. మర్నాడే వంటింట్లోకి వెళ్లి కారప్పొడి కొట్టిందని చెల్లి చెప్పింది. నా లక్షన్నరకి న్యాయం జరిగిందనుకున్నాను.

ఆర్నెల్ల తర్వాత తిరుగు ప్రయాణం ఎకానమీలోనే. కానీ ఈసారి 4,500 పెట్టి దారి పక్క సీటు... ఐల్ సీటు అంటారే, అది తీసుకున్నాను. భయపడుతూనే శంషాబాద్ వెళ్లాను. అమ్మ నవ్వుతూ వచ్చింది. కాళ్ల వంక చూశాను. మామూలుగానే ఉన్నాయి. దార్లో కార్లో అడిగాను, ఏది బాగుందమ్మా అని.

‘ముందుదాంట్లో నిద్ర బాగుంది. వెనకదాంట్లో కబుర్లు బాగున్నాయి. రెండేసి గంటలకోసారి లేచి వెనక్కి నడిచేదాన్ని. అక్కడ ఇంకో ముగ్గురు మనవాళ్లే కలిశారు. ఒకావిడది చీరాల. కోడలు గురించి చెప్పుకుని ఏడ్చింది పాపం’ అంది.

కాసేపాగి, ‘నిజం చెప్పనా నాన్నా? నాకు మొదటిసారి కూడా కావాల్సింది ఇదే. లేవడానికి ఒకరిని బతిమాలక్కర్లేని సీటు. నన్నడిగితే చెప్పేదాన్ని కదరా’ అంది.

అప్పుడర్థమైంది. మొదటిసారి డబ్బు మిగల్చాలని నేనే నిర్ణయించాను. రెండోసారి డబ్బు పోయాలని నేనే నిర్ణయించాను. రెండుసార్లూ ప్రయాణం చేసే మనిషిని ఒక్క మాట అడగలేదు. మొదటిది పిసినారితనం, రెండోది ప్రేమ అని నేననుకున్నాను. ఆవిడ వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే.

అదనపు డబ్బు దండగ అని నేననను. మోకాళ్లకు ఆపరేషన్ అయినవాళ్లకీ, దిగిన వెంటనే పనిలో దిగాల్సినవాళ్లకీ, రాత్రంతా సాగే పదహారు గంటల ప్రయాణానికీ ఆ మంచం విలువైందే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు గంటల పగటి ప్రయాణానికి మాత్రం ఆ డబ్బుతో దిగాక మంచి భోజనం చేయొచ్చు. కానీ టికెట్ ధర చూసే ముందు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. రాత్రా, పగలా? ఎన్ని గంటలు? నిద్ర ముఖ్యమా, నడక ముఖ్యమా? పక్కన ఎవరున్నా లేపి అడగగలిగే మనిషేనా? లక్ష పెట్టి తీర్చే ఇబ్బంది ఒక్కోసారి నాలుగు వేలతో తీరిపోతుంది. ఒక్కోసారి తీరదు. తేల్చాల్సింది ఆ సీట్లో కూర్చునే మనిషి.

ఈ వేసవికి అమ్మ మళ్లీ డాలస్ వెళుతోంది. ఇప్పుడు డెబ్బై ఒకటి. నిరుడు కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. ఈసారి టికెట్లు నేను తీయలేదు. లాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టి, మూడు ధరలూ చదివి వినిపించాను. అమ్మ కళ్లజోడు సవరించుకుని, సీట్ల బొమ్మ మీద వేలు పెట్టి, బాత్రూమ్ ఎంత దూరమో వరుసలు లెక్కపెట్టింది. గల్ఫ్ దాకా మామూలు ఎకానమీ చాలంది. అక్కడి నుంచి పెద్ద ప్రయాణానికి ప్రీమియం ఎకానమీ అంది.

‘అరవై వేలు ఎక్కువవుతుందమ్మా’ అన్నాను.

‘అవనీ. సగం నా పెన్షన్‌లోంచి ఇస్తాను. అప్పుడు అది నా సీటవుతుంది’ అంది.

డబ్బు కట్టే మీట నొక్కబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

‘ఆగాగు. దారి పక్కదేనా?’