ఉత్తరాల పెట్టె మొరాయిస్తే..!

ప్రొద్దుటూరు బట్టల కొట్లలో చిట్టా, ఆవర్జా ఉన్న కాలంలో గుమాస్తా పుస్తకం తెరిచి రాస్తుంటే ఇంకొకరు దాన్ని ముట్టేవారు కాదు. కంప్యూటరొచ్చాక ఆర్డర్లూ బిల్లులూ ఈమెయిల్లోకి మారాయి. ఔట్‌లుక్‌లో దించుకున్న ఉత్తరాలన్నీ పీఎస్‌టీ అనే ఒక్క ఫైల్లో పడుంటాయి. పద్ధతి మాత్రం పాతదే... ఒకసారికి ఒక్కరే!

రేపు ఇరవయ్యో తేదీ, వ్యాట్ రిటర్ను వేయాలి అనే రోజుల్లో సరిగ్గా ఈరోజే 'ఫైలు వాడకంలో ఉంది, తెరవలేం' అంటే గుమాస్తా గుండె జారిపోయేది. చాలాసార్లు దొంగ ఇంట్లోనే ఉంటాడు. పైకి మూసేసిన ఔట్‌లుక్ లోపల ఇంకా నడుస్తూనే ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్లో దాన్ని ఆపితే సరి. ఒక్కోసారి యాంటీవైరస్సో, బ్యాకప్ ప్రోగ్రామో ఫైలును పట్టుకుని కూర్చుంటుంది.

జమ్మలమడుగులో ఎవరైనా పాత ఉత్తరాలు సీడీలో దాచి, అక్కణ్నుంచే తెరవబోయినా ఇదే గోల. చదవడానికి తెరిచినా ఔట్‌లుక్ ఆ ఫైల్లో ఏదో ఒకటి రాసుకుంటుంది. సీడీ మీద రాయడం కుదరదు కదా! ముందు హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోవాలి. పులివెందుల ఆఫీసులో రెండు కంప్యూటర్లకు వైరు కలిపి ఒకే ఫైలును ఇద్దరూ వాడుకుందామన్నా కుదరదు. అలా నెట్‌వర్కు మీద వాడొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఔట్‌లుక్ 2002 దాకా ఈ ఫైలు 2 జీబీ దాటకూడదు. నిండితే మొరాయించేది. 2003లో కొత్త రకం ఫైలుకు 20 జీబీ, 2010లో 50 జీబీ హద్దు పెట్టారు. సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన పాత ఫైలు పెద్దదవదు. కొత్త ఫైలు తెరిచి ఉత్తరాలన్నీ అందులోకి మోయాల్సిందే. ఈ సంగతి తెలియక మోసపోయినవాళ్లే ఎక్కువ.

ఇక కరెంటు కోత! రాస్తుండగా ఠక్కున పోతే ఫైలు దెబ్బతింటుంది. ఔట్‌లుక్‌తోపాటే వచ్చే స్కాన్‌పీఎస్‌టీ దాన్ని బాగుచేస్తుంది. కానీ ముందు ఔట్‌లుక్ మూసి, ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోవాలి. మరమ్మతులో చోటు దొరకని ఉత్తరాలు 'లాస్ట్ అండ్ ఫౌండ్' అనే ఫోల్డర్లో తేలతాయి. కొనుగోలుదారు బాకీ ఒప్పుకున్న ఉత్తరం ఒక్కోసారి అక్కడే దొరుకుతుంది.